తప్పు లైటుది కాదు

స్క్రీన్ ప్రింటింగ్ కోసం తయారుచేసుకుంటున్న స్క్రీన్ (ఫ్రేముకు బిగించిన సన్నని వల) మీద పూత, వరసగా మూడోసారి కూడా నీళ్లు పెట్టగానే జారిపోయింది. డిజైన్ చుట్టూ గట్టిగా నిలవాల్సిన ఎమల్షన్ (వెలుగు పడితే గట్టిపడే పూత) జిగురుజిగురుగా వేళ్లకు అంటుకుని వచ్చేసింది. వెలుగు చాల్లేదనుకుని టైము పెంచుకుంటూ 15 నిమిషాల దాకా పోయాను. ఎమల్షన్ నిలిచింది గానీ సన్న గీతలు, చిన్న అక్షరాలు ఎంత కడిగినా పూత పోయి తెరుచుకోలేదు. గంట సేపు కడిగాను. చాలా బాధేసింది.

మొన్న రాత్రి స్టెప్ టెస్ట్ చేశాను. ఈ పని మొదటి రోజే చేయాల్సింది. ఒకే స్క్రీన్ మీద నల్ల అట్ట కొద్దికొద్దిగా జరుపుతూ పట్టీలుగా 2, 4, 6, 8, 10 నిమిషాలు వెలుగు పెట్టాను. 10 నిమిషాల పట్టీ కూడా స్క్వీజీ వైపు (ఇంకు లాగే లోపలి వైపు) జిగురుగానే ఉంది. అప్పుడు అర్థమైంది, పూత లోపల ఆరనే లేదు! పైన తాకితే పొడిగా అనిపించింది, అంతే. లోపల తడి ఉంటే ఎంత వెలుగు పడినా ఎమల్షన్ సరిగ్గా గట్టిపడదు.

ఈసారి ప్రింట్ వైపు (అచ్చు వేసేదానికి ఆనే వైపు) కిందికి పెట్టి, చీకటి గదిలో ఫ్యాన్ కింద రాత్రంతా ఆరబెట్టాను. మళ్లీ అదే టెస్ట్. 6 నిమిషాల పట్టీ చక్కగా వచ్చింది.

ఇంకో సంగతి. డిజైన్ నల్లగా ప్రింట్ చేసిన పారదర్శక ఫిల్మ్‌ను లైటుకి ఎత్తి చూస్తే నలుపు బూడిద రంగులో కనిపించింది, అంటే వెలుగును పూర్తిగా ఆపడం లేదు. రెండు కాపీలు తీసి, ఒకదానిమీద ఒకటి కచ్చితంగా అతికించి, ఇంకు వైపు ఎమల్షన్‌కి ఆనేలా పెట్టి పైన బరువైన అద్దం వేశాను. ఇవాళ పొద్దున కడుగుతుంటే అక్షరాలు ఒక్కొక్కటీ వాటంతట అవే తెరుచుకున్నాయి. చూస్తూ నిలబడిపోయాను.