పక్షుల చోట్ల కోసం వెతుకులాట: ఇప్పటివరకు తేలినది

చూడదగిన చోట్ల జాబితా ఈ నెలతో ఒక కొలిక్కి వచ్చింది. నడిచి వెళ్లగలిగేవి, లేదా సైకిలు మీద అరగంటలో చేరగలిగేవి మాత్రమే ఉంచాను. పక్షులు బాగా చురుకుగా ఉండేది పొద్దుపొడిచాక మొదటి రెండు మూడు గంటలు. దూరపు చెరువు ఎంత గొప్పదైనా ఎండెక్కాక చేరితే సగం పోయినట్టే. పేరున్న అభయారణ్యానికి ఏడాదికోసారి వెళ్లడం కన్నా దగ్గరి కుంటకు వారం వారం వెళ్లడమే మేలనేది నా పక్షం. ఏ పక్షి ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు వెళ్లిపోయింది అన్నది అలా తిరిగినవాళ్లకే తెలుస్తుంది.

వెతుకులాట ఉపగ్రహ చిత్రాలతో మొదలైంది. పచ్చగా కనిపించిన ప్రతి చోటికీ పరుగెత్తనక్కరలేదు. దట్టమైన చెట్ల గుంపులో పక్షుల గొంతులు వినిపిస్తాయి గానీ పక్షులు కనిపించవు. చూడాల్సింది రెండు రకాల నేలలు కలిసే అంచులను: నీటి పక్కన రెల్లు, పొలం పక్కన పొదలు, తోట పక్కన బీడు. గూగుల్ ఎర్త్‌లో పాత తేదీల చిత్రాలు కూడా చూడవచ్చు. వాటిని వరుసగా చూస్తే ఏ కుంటలో ఏడాది పొడవునా నీరుంటుందో, ఏది వేసవికి ఎండిపోతుందో తెలిసిపోతుంది. ఎండేదాన్ని జాబితాలోంచి కొట్టేయకండి. నీరు తగ్గుతున్న కొద్దీ బురద బయటపడుతుంది, ఆ బురదలో పురుగుల కోసం ఉల్లంకులు, అంటే నీటి ఒడ్డున తిరిగే చిన్న పిట్టలు, దిగుతాయి. నిండు చెరువు బాతులకు బాగుంటుంది గానీ పొట్టి కాళ్ల పిట్టలకు అక్కడ పనేముంది?

రెండో అడుగు ఈబర్డ్. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర ప్రయోగశాల, ఆడుబన్ సొసైటీ కలిసి 2002లో ప్రారంభించిన ఈ ఆన్‌లైన్ వేదికలో పక్షులను చూసేవాళ్లు నమోదు చేసిన హాట్‌స్పాట్లు, అంటే పక్షులు బాగా కనిపించే చోట్లు, పటం మీద కనిపిస్తాయి. ఎక్కువ జాతులు నమోదైన చోటికి ముదురు రంగు. ఆ రంగును చూసి మోసపోకూడదు. చాలామంది చాలా ఏళ్లుగా వెళ్లిన చోటు సహజంగానే ఎర్రబడుతుంది. ఎవరూ అడుగుపెట్టని మంచి కుంట పటం మీద చుక్కయినా లేకుండా ఉంటుంది. నాకు అంతకంటే ఉపయోగపడింది అక్కడి వారాల చిత్రం. ప్రతి నెలనూ నాలుగు భాగాలు చేసి, చూసినవాళ్లు పంపిన పక్షుల జాబితాల్లో ఏ పక్షి ఎంత తరచుగా కనిపించిందో గీత మందంతో చూపిస్తారు. మందపు గీత ఉన్న పక్షుల కోసం వెళ్లాలి. ఎప్పుడో ఒకసారి వచ్చిపోయిన అరుదైన దాని మీద ఆశ పెట్టుకుంటే ఇంటికి నీరసంగా రావాల్సి వస్తుంది.

జాబితాలో మొదటి స్థానం, నవ్వకండి, మురుగునీటి శుద్ధి కేంద్రం వెనక ఉన్న చెరువుకు. వాసన మాట నిజమే, పది నిమిషాల తరువాత ముక్కు అలవాటు పడుతుంది. ఆ నీటిలో పోషకాలు ఎక్కువ కాబట్టి పురుగులు, వాటి పిల్లలు విపరీతం. అవి ఉన్నచోట జిట్టంగులు, ఉల్లంకులు, బుడుబుంగలు ఉండకుండా ఎలా ఉంటాయి? కాపలా మనిషికి ముందుగా చెప్పి, ఆయన చూపిన గట్టు దాటకుండా ఉంటున్నాను. ఉదయం తూర్పు గట్టు మీద నిలబడాలి, ఎండ మన వీపు మీద పడుతుంది, పక్షుల రంగులు తేటగా కనిపిస్తాయి. పడమటి గట్టు నుంచి చూస్తే అన్నీ నల్లని ఆకారాలే. అక్కడే ఒక ఉల్లంకిని తీరిగ్గా చూశాను. అడుగు వేసినా, ఆగినా తోకభాగం పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. గోధుమరంగు రొమ్ముకూ మడిచిన రెక్కకూ మధ్య కడుపు తెలుపు సన్నని చీలికలా పైకి వచ్చింది. ఆ చీలిక పట్టుబడితే మిగిలిన గోధుమరంగు నీటిపిట్టల్లోంచి దీన్ని వేరు చేయడం తేలిక.

పార్కు గురించి పెద్దగా చెప్పేది లేదు. కత్తిరించిన గడ్డి, ఊడ్చిన ఆకులు, పొదలు లేవు. ఒక్క మర్రిచెట్టు మాత్రం పండ్లకు వచ్చినప్పుడు నడక ఆపేసి దాని కిందే గంట కూర్చోవచ్చు. కోయిలలు, గోరింకలు, పికిలిపిట్టలు వాటంతట అవే వస్తాయి. పండ్లు అయిపోగానే ఆ చెట్టూ మామూలు చెట్టే.

రాళ్ల బీడును ప్రస్తుతానికి పక్కన పెట్టాను. తీతువు గూడంటూ కట్టదు, నేల మీద చిన్న గుంటలోనే గుడ్లు పెడుతుంది. మచ్చల గుడ్లు రాళ్లలో కలిసిపోయి కాలి కిందికి వచ్చేదాకా కనిపించవు. జంట తలమీద తిరుగుతూ అరుస్తోందంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. ఫోటో కోసం ఇంకో అడుగు ముందుకు వేసేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. ఫోనులో కూత వినిపించి పక్షిని రప్పించడం కూడా అలాంటిదే.

పరికరాల మాట: 8×42 బైనాక్యులర్లు చాలు. ఇందులో 8 అంటే ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తుందో, 42 అంటే ముందు అద్దం వెడల్పు మిల్లీమీటర్లలో. 10×42 మరింత దగ్గరగా చూపిస్తాయి గానీ చేతి వణుకునూ అంతే పెంచుతాయి. 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్ల కాంతిపుంజం కంటికి చేరుతుంది, 10తో భాగిస్తే 4.2 మాత్రమే. మసక వెలుతురులో ఆ తేడా తెలుస్తుంది. గొంతును బట్టి పేరు చెప్పే మెర్లిన్ యాప్ మంచి తోడే, కానీ సాక్ష్యం కాదు. ఏట్రింత (డ్రోంగో) ఇతర పక్షుల గొంతులు అనుకరించడంలో దిట్ట. యాప్ చెప్పిన పక్షిని కంటితో చూశాకే రాసుకుంటున్నాను.

పుస్తకంలో తేదీ, మొదలైన సమయం, ఎంతసేపు, గాలి, నీటిమట్టం రాస్తున్నాను. నీటిమట్టానికి గట్టు మీది ఒక రాయే కొలత, అది మునిగిందా తేలిందా అని. ఏమీ కనిపించని రోజును కూడా రాయాలి. ఈబర్డ్‌లో గుర్తించిన పక్షులన్నీ నమోదు చేశారా అని అడిగేది ఇందుకే. అన్నీ రాసినప్పుడే లేని పక్షి నిజంగా కనిపించలేదని లెక్కకు వస్తుంది.

వచ్చే నెలకు కాలువ గట్టు మిగిలింది. పటంలో రెండు వైపులా రెల్లు కనిపిస్తోంది, దారి మాత్రం ఒకవైపే ఉంది, అది ఏ వైపో తేలితే ఉదయం వెళ్లాలా సాయంత్రం వెళ్లాలా అన్నది తేలుతుంది.