గేటు అవతలి లాగోస్

నైజీరియాలోని లాగోస్‌కు కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబానికి అందరూ ముందు చెప్పేవి జాగ్రత్తలే. చీకటి పడ్డాక తిరగకండి, పిల్లల్ని కాంపౌండు దాటనివ్వకండి, డ్రైవరు లేకుండా ఎక్కడికీ వెళ్లకండి. అందులో అబద్ధమేమీ లేదు, మేమూ పాటిస్తాం. కానీ ఆ జాగ్రత్తల చాటున మన పిల్లలు చాలామంది ఏళ్ల తరబడి ఇక్కడ పెరిగి, ఈ ఊరిని ఎరగకుండానే వెళ్లిపోతున్నారు. ఇల్లు, బడి, మన సరుకులు దొరికే దుకాణం, ఆదివారం సాటి భారతీయుల ఇంట్లో భోజనం. నాకు దిగులు పుట్టించేది ఇదే.

మేం ఉండేది ఇలుపేజులో. ఫ్యాక్టరీలూ, వాటిలో పనిచేసే మనవాళ్ల ఇళ్లూ ఉన్న పేట. మా పక్క వాటాలో రిటైరైన మాస్టారు ఉన్నారు, ఇక్కడి యోరుబా జాతివారు. పిల్లలు ఆయనను బాబా అంటారు. ఒక సాయంత్రం ఆయన వసారాలో చెక్క పలక పెట్టుకుని ‘అయో’ ఆడుతుంటే మా అమ్మాయి అక్కడే నిలబడిపోయింది. వరుసకు ఆరేసి చొప్పున 12 గుంటలు, గుంటకు 4 గింజలు. ఒక గుంటలోవన్నీ తీసి, పక్క గుంటల్లో ఒక్కొక్కటే వేసుకుంటూ పోవాలి. చివరి గింజతో ఎదుటివారి గుంటలో రెండో మూడో అయితే అవి మనవి. చూస్తూనే నాకు ప్రాణం లేచివచ్చింది, అచ్చం మన వామనగుంటలు! మన పలకకు 14 గుంటలు, గింజలకు బదులు చింతపిక్కలు, గెలుపు లెక్కలు కాస్త వేరు. సెలవులకు రాజమండ్రి వెళ్లినప్పుడు మా అమ్మ అటక మీది పాత పలక దింపించింది. ఫోనులో తెలుగు మాట్లాడమంటే ముక్తసరిగా సరిపెట్టే పిల్ల, ఇప్పుడు అమ్మమ్మతో ఎత్తుల గురించి అరగంట వాదిస్తుంది.

శనివారం ఉదయం వీధి చివర ‘అకారా’ వేస్తారు. అలసందలు నానబెట్టి, పొట్టు తీసి, ఉల్లిపాయా మిరపకాయా వేసి రుబ్బి, నూనెలో వేయిస్తారు. మా అబ్బాయి వాటిని అల్లం పచ్చడితో తింటాడు.

మర్యాదల విషయంలో ఈ ఊరికి నేను రుణపడి ఉన్నాను. యోరుబా ఇళ్లలో పెద్దలు ఎదురైతే ఆడపిల్ల మోకాళ్లు వంచుతుంది, మగపిల్లవాడు వంగి దండం పెడతాడు. పెద్ద సందర్భమైతే సాష్టాంగపడతాడు. ఎడమచేత్తో ఏదీ ఇవ్వరు. పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవరు. ఇవన్నీ నేనొక్కదాన్నే చెబుతుంటే పిల్లలు చాదస్తం అనుకునేవారేమో, చుట్టూ అందరూ పాటిస్తుంటే వాటంతటవే అలవడ్డాయి. అలాంటి ఊళ్లో ఉంటూ, మన ఇళ్లలో పదేళ్ల పిల్లలు యాభై ఏళ్ల డ్రైవరును పేరు పెట్టి కేకేయడం నేను సహించలేను. ఆ అలవాటు పిల్లలది కాదు, ముందు మనదే. మా ఇంట్లో ఆయన అంకుల్, వంటపనిలో సాయం చేసే ఆవిడ ఆంటీ.

కరెంటు వచ్చినప్పుడల్లా వీధి పిల్లలతో పాటు మావాళ్లూ ‘అప్ నెపా!’ అని అరుస్తారు. ‘నెపా’ పేరుతో ఉన్న విద్యుత్ సంస్థ 2005లోనే పోయింది, కేక మాత్రం మిగిలింది.

లాగోస్ ఐలాండ్‌కు వెళ్లేటప్పుడు థర్డ్ మెయిన్‌ల్యాండ్ వంతెన ఎక్కుతాం. 1990లో పూర్తయింది, సుమారు 12 కిలోమీటర్ల పొడవు. దాని పక్కనే మకోకో. మడుగు నీళ్లలో కర్రలు పాతి కట్టిన ఇళ్లు, పొయ్యిల పొగ, తెడ్డు వేసుకుంటూ పోయే చిన్న పిల్లలు. మనకు జనరేటరు ఉంది, వాళ్లకు ఎందుకు లేదని మా అబ్బాయి అడిగాడు. ట్రాఫిక్ ఆగి ఉంది, తీరికగా మాట్లాడుకున్నాం. చేపలు పట్టి బతికే జనం గురించీ, ఊరు పెరిగేకొద్దీ నేల ఎవరికి దక్కుతుందన్న సంగతీ వాడికి అర్థమయ్యేలా చెప్పాను. అప్పటినుంచి ఆ వంతెన మీద వెళ్లేటప్పుడు పిల్లల చేతికి ఫోను ఇవ్వడం లేదు.