అనంతపురం మిద్దె మీద క్యాప్సికం: విత్తనం నుంచి కాయ దాకా నా అనుభవం

క్యాప్సికం చల్లని ఊళ్ల పంట అని, అనంతపురం ఎండలకు రాదని నాకు చాలామంది చెప్పారు. రెండేళ్లు పెంచి చూశాక నాకు అర్థమైంది వేరు. మన దగ్గర ఈ మొక్క పెరగడం కష్టం కాదు, పూత నిలవడమే కష్టం. అది విత్తనం వేసే నెలను బట్టి ఉంటుంది.

మొదటి ఏడాది సంక్రాంతి దాటగానే మొదలుపెట్టాను. కూరకు తెచ్చిన పచ్చి కాయలోని గింజలు వేస్తే, అవి ముదరనివి కాబట్టి మొలవలేదు. తరువాత కాలిఫోర్నియా వండర్ అనే రకం విత్తనాలు కొని వేశాను. మొక్కలు ఏపుగా పెరిగి, ఏప్రిల్‌లో ప్రతి కణుపు దగ్గరా తెల్లని పూలు తల వంచుకొని విచ్చుకున్నాయి. అయితే తొడిమ కొమ్మను అంటుకొని ఉన్న చోట పసుపు రంగు తిరిగేది. వేలు తగిలితే చాలు, పువ్వు తొడిమతో సహా చేతిలోకి వచ్చేది. ఎరువు పెంచితే ఆకులు పెరిగాయే తప్ప ఒక్క పిందె కూడా నిలవలేదు.

కర్నూలు వైపు మిరప పండించే మా చిన్నాయన ఒక రాత్రి మిద్దె ఎక్కి, నేల మీద అరచేయి ఆనించి చూశాడు. తొమ్మిది దాటినా గచ్చు వేడిగానే ఉంది. "రేత్రి గూడా చల్లబడకపోతే పూత యాడ నిలుస్తాది నాయనా?" అన్నాడు. పగలు 32 డిగ్రీలు దాటి, రాత్రి 24 డిగ్రీల కంటే దిగని రోజుల్లో క్యాప్సికం పూత రాలిపోతుంది. కారం మిరప ఆ వేడిని కొంత తట్టుకుంటుంది, ఇది తట్టుకోలేదు.

రెండో ఏడాది వెనక నుంచి లెక్క వేసుకున్నాను. రాత్రులు చల్లబడే నవంబరులో పూత రావాలంటే, నారుకు ఆరు వారాలు, నాటాక పూతకు ఐదు వారాలు పడుతుంది కనుక, సెప్టెంబరు మొదట్లోనే విత్తాలి. కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి ట్రేలో నింపి, అర సెంటీమీటరు లోతున గింజలు పెట్టి, తడి గోనెపట్టా కప్పాను. తొమ్మిదో రోజుకు మొలకలు కనిపించగానే పట్టా తీసేశాను. ఒక మొలక ఆకుల కొనలను గింజ పొట్టు గట్టిగా పట్టుకొని ఉంది. లాగితే ఆకులు తెగుతాయని, సాయంత్రం ఒక నీటి చుక్క వేసి వదిలేస్తే తెల్లారేసరికి అదే ఊడింది. నారుకుళ్లు రాకుండా పైమట్టి కాస్త ఆరాకే నీళ్లు పోశాను.

అక్టోబరు నడుమ ఆరు మొక్కలను సంచుల్లో నాటి, పైన సగం నీడనిచ్చే షేడ్‌నెట్ కట్టాను. కొమ్మలు చీలే చోట వచ్చిన తొలి మొగ్గను, మొక్క బలపడాలని, తుంచేశాను. ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి (రెండూ ఆకు రసం పీల్చే చిన్న పురుగులే) అని గుర్తుపెట్టుకొని, వారానికోసారి ఆకుల అడుగున వేపనూనె పిచికారీ చేశాను.

నన్ను నిజంగా బాధపెట్టింది తొలి కాయల అడుగు నల్లబడి గుంట పడటం. తెగులేమో అని భయపడ్డాను గాని, ఒకరోజు నీళ్లు ఎక్కువ, మరోరోజు తక్కువ పోయడం వల్ల కాల్షియం కాయకు అందక అలా జరుగుతుంది. సంచుల్లో బుడ్డల (వేరుశనగ) పొట్టు మందంగా పరిచి, రోజూ ఒకే వేళకు కొలతగా నీళ్లు పోయడంతో తరువాతి కాయలు శుభ్రంగా వచ్చాయి.

సంక్రాంతి వంటకు మా పచ్చి క్యాప్సికమే కోశాము. రెండు కాయలను మాత్రం మొక్కకే ఉంచితే, మరో మూడు వారాలకు నిండుగా ఎర్రబడ్డాయి. ఈ రకం హైబ్రిడ్ కాదు కనుక వాటి గింజలు దాచుకున్నాను. పక్కనే కారం మిరప ఉంటే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి, ఆ గింజల నుంచి కారం కాయలు రావచ్చు. అందుకే పూత రాకముందే మా మిరప కుండీని కింద పెరట్లోకి దించేశాను.