మన సినిమాకి మా పాపని రానివ్వలేదు

మొన్న శనివారం మ్యూనిక్‌లో ఒక మల్టీప్లెక్స్ గుమ్మం దగ్గర మా పాపని ఆపేశారు. టికెట్లు మూడూ మా చేతిలోనే ఉన్నాయి. సినిమా తెలుగుది, పండక్కి వచ్చిన సినిమా, మా అత్తగారు ఇండియాలో ఇరుగుపొరుగుతో కలిసి చూసొచ్చి "పిల్లని తప్పకుండా తీసుకెళ్ళండి, పడీ పడీ నవ్వుతుంది" అని ఫోన్ చేసి మరీ చెప్పిన సినిమా. టికెట్లు చూసే అమ్మాయికి ఇరవై ఏళ్ళుంటాయేమో, చదువుకుంటూ వారాంతాల్లో ఇక్కడ పని చేస్తున్నట్టుంది. పాప వయసెంత అని అడిగింది. ఏడు అన్నాను. అయితే కుదరదు, ఈ సినిమాకి పద్దెనిమిది నిండాలి అంది. మేం తల్లిదండ్రులం, పక్కనే కూర్చుంటాం అని మా ఆయన, ఇండియాలో దీనికి యూఏ ఇచ్చారు, కుటుంబమంతా చూసే సినిమా అని నేను, మా వెనకాల క్యూలో ఉన్న మనవాళ్ళు కూడా తలా ఒక మాట. ఆమె గొంతు పెంచలేదు, విసుక్కోలేదు. మాతో మాట్లాడటం ఆపి, మోకాళ్ళ మీద కూర్చుని మా పాపతో చెప్పింది. "నువ్వేం తప్పు చెయ్యలేదు. ఈ సినిమా పిల్లలు చూడొచ్చో లేదో ఇక్కడ ఎవరూ చూసి చెప్పలేదు. అందుకే నిన్ను లోపలికి పంపలేకపోతున్నాను." తర్వాత తనే లోపలికి వెళ్ళి ఎవరితోనో మాట్లాడి, మా రెండు టికెట్లని పక్క స్క్రీన్‌లో ఆడుతున్న ఒక కార్టూన్ సినిమాకి మార్పించి ఇచ్చింది.

అలా మా ఆయన, పాప ఒక హాల్లోకి, నేను ఇంకో హాల్లోకి వెళ్ళాం. నా పక్కన రెండు సీట్లూ ఖాళీ. హీరో తెర మీదకి రాగానే ఈలలు, కేకలు, వెనక వరసలో ఎవరో డైలాగు ముందే చెప్పేస్తున్నారు, మ్యూనిక్‌లో ఇంతమంది తెలుగులో ఒకేసారి అరిచే చోటు ఇంకోటి లేదు. నాకు సినిమా మీద ధ్యాస నిలవలేదు. ఈ గోల మా పాప వినాలి కదా, ఇది వినిపించడానికే కదా తీసుకొచ్చింది అని అదే మనసులో తిరుగుతోంది. వాళ్ళ కార్టూన్ గంటన్నరలో అయిపోయింది, మన సినిమా సంగతి తెలిసిందే, మిగతా టైమంతా ఇద్దరూ బయట బెంచీ మీద కూర్చున్నారు. నేను రాగానే పాప తన సినిమా కథ తెలుగులో మొదలుపెట్టి, రెండో వాక్యానికే జర్మన్‌లోకి వెళ్ళిపోయి, జర్మన్‌లోనే ముగించింది. రైల్లో అడిగింది, "అమ్మా, తలుపు తీసినప్పుడు వినబడింది. అక్కడ అందరూ తెలుగే మాట్లాడుతున్నారా?"

ఆ ప్రశ్న దగ్గర్నుంచి నాకు ఈ విషయం వదలట్లేదు. అందుకే రాస్తున్నాను.

ఇక్కడి పద్ధతి తెలియనివాళ్ళ కోసం చెప్తాను. జర్మనీలో సినిమాలకి వయసు నిర్ణయించే సంస్థని ఎఫ్‌ఎస్‌కే అంటారు. 1949 నుంచి ఉంది, వీస్‌బాడెన్‌లో ఉంటుంది. సినిమాని చూసి 0, 6, 12, 16, 18 అని ఏదో ఒక అంకె ఇస్తారు. 12 వచ్చిన సినిమాకి ఆరేళ్ళు దాటిన పిల్లల్ని పెద్దవాళ్ళు వెంటబెట్టుకుని వెళ్ళొచ్చు. 16 వస్తే మాత్రం తల్లి వచ్చినా తండ్రి వచ్చినా పదహారు నిండనిదే లోపలికి పంపరు. ఇక్కడిదాకా నాకు అభ్యంతరం లేదు. అసలు చిక్కు వేరే ఉంది. ఎఫ్‌ఎస్‌కే చూడని సినిమాకి ఏ అంకే ఉండదు, అంకె లేని సినిమాని చట్టం పెద్దవాళ్ళ సినిమాగానే లెక్కేస్తుంది. మన సెన్సార్ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. మన తెలుగు సినిమాలు ఇక్కడ ఒక వారాంతం, మహా అయితే రెండు, ఊరికి ఒకటో రెండో షోలు ఆడతాయి. దానికోసం ఫీజు కట్టి, ముందుగా కాపీ పంపి, అంకె తెప్పించుకునే ఓపిక చాలామంది పంపిణీదారులకి ఉండదు. రిలీజు ముందు రోజు రాత్రి దాకా అక్కడ ఎడిటింగే అవుతుంటే పంపడానికి కాపీ మాత్రం ఏదీ? అందుకని తలలు నరికే సినిమా, తాతామనవళ్ళ సినిమా, రెండూ ఇక్కడ ఒకే లెక్క. పిల్లల్ని పంపిస్తే థియేటర్ వాళ్ళకి 50,000 యూరోల దాకా జరిమానా పడే వీలుంది కాబట్టి గుమ్మం దగ్గర ఆ అమ్మాయి చేసింది తన ఉద్యోగం. ఆమె మీద నాకు కోపం లేదు. పైగా ఏడేళ్ళ పిల్లకి కారణం చెప్పాల్సిన అవసరం ఉందని అనుకుంది చూడండి, అది నాకు బాగా నచ్చింది. మన దగ్గరైతే "పిల్లలకి లేదండీ" అని తల్లిదండ్రులకే చెప్పి ఊరుకునేవాళ్ళు.

సోమవారం ఆఫీసులో కాఫీ దగ్గర ఇదంతా చెప్పాను. మా టీంలో ఒకాయన ఉన్నాడు, రిటైర్మెంటుకి దగ్గర పడ్డాడు, మంచివాడు. 2000ల మధ్యలో ఇక్కడి టీవీలో షారుఖ్ ఖాన్ సినిమాలు జర్మన్‌లోకి డబ్ అయి వచ్చేవి, వాళ్ళావిడ అవన్నీ చూసిందట, అందుకని మన సినిమాలంటే ఆయనకి తెలుసు. అంతా విని ఒకటే అడిగాడు. "రాత్రి తొమ్మిదింటికి మొదలై మూడు గంటలు నడిచే సినిమాలో ఏడేళ్ళ పిల్ల ఏం చేస్తుంది?" ఎత్తిపొడుపు కాదు, నిజంగానే తెలుసుకుందామని అడిగాడు. ఈ దేశంలో పిల్లల టీవీలో ఏడింటికి పది నిమిషాల ముందు ఇసుక చల్లి నిద్రపుచ్చే బొమ్మ వస్తుంది, అది రాగానే పళ్ళు తోముకుని పక్కెక్కాలి. 1959 నుంచీ ఇదే వరస, ఆయనా అది చూస్తూనే పెరిగాడు. అలాంటి మనిషికి మన సెకండ్ షో సంగతి ఎలా చెప్పాలి?

నిద్రపోతుంది అని చెప్పాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు కానీ నాకు ఆ రోజంతా పని సాగలేదు, లోపల లోపల ఆయనకి జవాబు చెప్తూనే ఉన్నాను. అవును, నిద్రపోతుంది. నేనూ అలాగే నిద్రపోయాను. ఇంటర్వెల్ దాకా కళ్ళు పెద్దవి చేసుకుని చూసి, ఆ తర్వాత నాన్న ఒళ్ళో ఒరిగిపోయి, ఫైటు చప్పుడుకి ఉలిక్కిపడి లేచి, "ఏమయింది నాన్నా" అని అడిగి మళ్ళీ పడుకునేదాన్ని. సినిమా అయ్యాక భుజాన వేసుకుని నడుస్తూ నాన్నా బాబాయీ కథని తిరగేసి బోర్లేసి మాట్లాడుకుంటుంటే సగం నిద్రలో వినేదాన్ని. నాకొచ్చిన తెలుగులో ఎంత భాగం బళ్ళో వచ్చిందో, ఎంత ఆ భుజం మీద వచ్చిందో నేను విడదీసి చెప్పలేను. పిల్లల నిద్ర పాడవుతుంది, చెవులు పాడవుతాయి, చూడకూడనివి చూస్తారు అని ఇక్కడివాళ్ళు అనే మాటల్లో అబద్ధమేం లేదు. మనవాళ్ళూ ఇప్పుడిప్పుడు దాని గురించి ఆలోచిస్తున్నారు, 2024 నుంచి మన దగ్గర కూడా యూఏని 7, 13, 16 అని విడగొట్టారు. అయితే మన దగ్గర ఆ అంకె తల్లిదండ్రులకి ఒక సలహా, నిర్ణయం మనది. ఇక్కడ నిర్ణయం కూడా వాళ్ళదే. నా పిల్ల ఏం చూడాలో నాకంటే బాగా ఒక ఆఫీసుకి తెలుసా అని గుమ్మం దగ్గర నాకు ఉక్రోషం వచ్చింది, ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అయినా నిజం చెప్పాలంటే, వాళ్ళు సినిమా చూసి "ఇది పిల్లలకి వద్దు" అని ఉంటే నేను నోరు మూసుకుని ఇంటికి వెళ్ళిపోయేదాన్ని. చూడనే లేదు. అదే నా బాధ. చూడని సినిమాకి తలుపు వేసేశారు, ఆ తలుపు వెనకాల ఉన్నది మా పిల్ల భాష.

ఇక్కడి తెలుగువాళ్ళు దీనికి రకరకాల దారులు వెతుక్కున్నారు. మధ్యాహ్నం షోకి నాన్న, సాయంత్రం షోకి అమ్మ, మధ్యలో స్టేషన్లో పిల్లల్ని ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మార్చుకునే జంటలు మాకు తెలుసు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరి ఇంట్లో పిల్లలందర్నీ వదిలేసి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. ఫలానా థియేటర్లో అడగరు, అక్కడికి వెళ్ళండి అని గ్రూపుల్లో మెసేజీలు తిరుగుతాయి, మేమూ అలాంటి చోట ఇదివరకు కూర్చున్నవాళ్ళమే. నాలుగు వారాలు ఆగితే ఓటీటీలో వస్తుంది కదా అని అందరూ అంటారు. వస్తుంది, మేమూ చూస్తాం, దుప్పటి కప్పుకుని ముగ్గురం సోఫాలో. కానీ ఇంట్లో మేమిద్దరమే మాట్లాడతాం. పాపకి తెలుగంటే అమ్మా నాన్నా, ఫోన్లో అమ్మమ్మా నానమ్మా. ఒక పెద్ద హాలు నిండా ఉన్న మనుషులు తనకి అర్థమయ్యే మాటకి ఒకేసారి నవ్వడం తను ఎప్పుడో చాలా చిన్నప్పుడు ఒకటి రెండుసార్లు చూసిందేమో, గుర్తు కూడా లేదు.

ఇక్కడ పిల్లలకి ఏమీ తక్కువ చెయ్యరు, అది కూడా చెప్పాలి. ఆదివారం కొట్లన్నీ మూసేస్తారు, ఆఫీసు నుంచి ఫోన్ రాదు. వచ్చిన కొత్తలో ఈ నిశ్శబ్దానికి పిచ్చెక్కేది, ఇప్పుడు మా ఇంట్లో ఆదివారం అంటే పాపదే. ఇసార్ నది ఒడ్డున గులకరాళ్ళు విసురుతూ పొద్దుపుచ్చుతాం. 1903లో మొదలైన డాయిచెస్ మ్యూజియం ఉంది, దాని రవాణా విభాగంలో పాత రైలింజన్ల దగ్గర మా ఆయనే పాప కంటే ఎక్కువ సేపు నిలబడతాడు. హెల్లాబ్రున్ జూకి వెళ్తే సాయంత్రం దాకా ఇంటి మాట ఎత్తదు. ప్రతి రెండు వీధులకీ ఇసుక గుంటతో ఒక ఆటస్థలం. పిల్లకి జ్వరం వస్తే సెలవు పెట్టుకోవడానికి చట్టంలో విడిగా రోజులున్నాయి, మా మేనేజరు ఎందుకు ఏమిటి అని అడగడు. నా స్నేహితురాళ్ళు హైదరాబాద్‌లో ఆదివారం కూడా ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంటే నేను నది ఒడ్డున కూర్చున్నాను, ఇది చిన్న విషయం కాదు.

ఆదివారం పొద్దున్నే మా పాప తప్పనిసరిగా చూసే కార్యక్రమం ఒకటుంది, నారింజ రంగు ఎలుక బొమ్మది, 1971 నుంచి వస్తోంది. పెన్సిల్ ఎలా చేస్తారు, రొట్టె ఎలా ఉబ్బుతుంది, ఇలాంటివి చూపిస్తారు. దాని మొదట్లో ఆ రోజు ఏమేం ఉన్నాయో జర్మన్‌లో చెప్పి, వెంటనే అదే మళ్ళీ వేరే దేశపు భాషలో చెప్తారు. వారానికో భాష. చివర్న ఇది ఫలానా భాష అంటారు. మా పాప ఆ భాష ఏదో ముందే కనిపెట్టాలని టీవీకి ఆనుకుని కూర్చుంటుంది. సినిమా మర్నాడు, అంటే మొన్న ఆదివారం, అది వింటూ "మన తెలుగు ఎప్పుడొస్తుంది?" అంది. వాళ్ళకి ఉత్తరం రాద్దాం అన్నాను. నిజంగానే కూర్చుని రాసింది, జర్మన్‌లో, కింద తన పేరు మాత్రం తెలుగులో.

తను రాస్తుంటే చూసి నేనూ ఒకటి రాశాను, సినిమా తెచ్చినవాళ్ళకి. మర్యాదగానే జవాబిచ్చారు. రెండు షోల సినిమాకి ఆ ఖర్చు గిట్టదండీ, కాపీ కూడా చివరి నిమిషంలో గానీ చేతికి రాదు అన్నారు. వాళ్ళ మాటా కొట్టిపారెయ్యలేను. కానీ పిల్లలున్న ఇళ్ళవాళ్ళం మేం రావట్లేదు, వచ్చినా ఒక్కరం వస్తున్నాం. మూడు నాలుగు టికెట్లు కొనాల్సిన ఇల్లు ఒక్కటి కొంటోంది, ఆ నష్టాన్ని ఎవరూ లెక్క కట్టినట్టు లేదు. అన్ని సినిమాలకీ అడగట్లేదు, రక్తం పారేవాటికి మేమే పిల్లల్ని తీసుకురాం. సంక్రాంతికో దసరాకో వచ్చే ఇంటిల్లిపాది సినిమా ఒక్కటి, ఏడాదికి ఒక్కటి, రిలీజు రోజునే కాకపోయినా రెండు వారాలు ఆలస్యంగా అయినా సరే, అంకె తెప్పించి మధ్యాహ్నం పూట వెయ్యండి. మధ్యాహ్నం అయితే మా ఆఫీసులో పెద్దాయనకి కూడా అభ్యంతరం ఉండదు.

మ్యూనిక్, ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్ చుట్టుపక్కల పిల్లలున్న తెలుగు ఇళ్ళు ఎన్ని ఉన్నాయో, అలాంటి షోకి ఎంతమంది వస్తారో ఒక జాబితా తయారు చేస్తున్నాం. అంకె తెప్పించే ఖర్చులో కొంత టికెట్టు మీద వేసినా ఇవ్వడానికి చాలామంది ఒప్పుకుంటున్నారు. జాబితా పూర్తవగానే సినిమా తెచ్చేవాళ్ళకి పంపుతాం, ఈసారి ఒక్కదాన్ని కాదు కాబట్టి వింటారనే అనుకుంటున్నాను. ఈ ఊళ్ళలో ఉన్నవాళ్ళు మీ ఇంట్లో పిల్లలెంతమందో, వాళ్ళ వయసులెంతో రాసి పంపండి.