జనవరి 30 సభకు పర్మిషన్ కోసం తిరిగిన 23 రోజులు

నిన్న సాయంత్రం మా సర్వమత సభ జరిగింది. షామియానా విప్పుకుపోయారు, కుర్చీల లెక్క అప్పజెప్పేశాను. మనసులో మంట చల్లారకముందే ఇది రాసేయాలని కూర్చున్నాను. మా చిత్తూరులో ఇలాంటిది పెట్టుకోవాలనుకునే వాళ్లకు పనికొస్తుంది.

ముందు సంగతి చెప్తాను. పోయిన వినాయక చవితి నిమజ్జనం రోజు మా వీధి మసీదు ముందు డప్పుల దగ్గర మాటా మాటా పెరిగింది. ఎటునుంచి వచ్చిందో ఒక రాయి పదకొండేళ్ల పిల్లవాడి తలకు తగిలి నాలుగు కుట్లు పడ్డాయి. కేసు కాలేదు, పేపర్లో రాలేదు. కానీ ఆ రోజు నుంచి నా దగ్గర బ్లౌజులు కుట్టించుకునే ఆడవాళ్లలో తేడా వచ్చింది. అరుగు మీద ఒకరు కూర్చుని ఉంటే ఇంకొకరు మెట్టు దగ్గరే నిలబడి గుడ్డ ఇచ్చి వెళ్లిపోతున్నారు. ముప్పై ఏళ్లుగా మిషన్ తొక్కుతున్నాను, నా అరుగు మీద అలాంటిది ఎన్నడూ చూడలేదు.

అందుకే పక్కింటి ఆపా (ముస్లింల ఇళ్లలో అక్కను అట్లా అంటారు), నేను అనుకున్నాం, గాంధీగారు పోయిన రోజు అందరం ఒకచోట కూర్చుని మాట్లాడుకుందామని. ఆయన్ని కాల్చింది 1948 జనవరి 30 సాయంత్రం 5 గంటల 17 నిమిషాలకు, ప్రార్థన సభకు నడిచిపోతుండగా. ఆ సభల్లో గీత చదివేవారు, ఖురానూ చదివేవారు. మేమూ అదే వేళకు మొదలుపెట్టి, పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజుకూ గుడిలో దీపారాధనకూ ముందే ముగించాలనుకున్నాం.

పూజారి స్వామి, మసీదులో నమాజు చేయించే హజ్రత్, పాస్టరయ్య ముగ్గురూ అడిగిన రోజే ఒప్పుకున్నారు. బడి గ్రౌండుకు హెడ్మాస్టరు సరేనన్నారు. షామియానా, వంద కుర్చీలు ఆపా తమ్ముడు చూసుకున్నాడు.

ఇక మిగిలింది పోలీసు పర్మిషన్. స్టేషన్ పేరు రాయను. జనవరి 5న పొద్దున పదింటికి అర్జీ పట్టుకుని పోయాను. సార్ బందోబస్తుకు పోయారన్నారు. బెంచీ మీద కూర్చుంటే రెండున్నరకు లోపలికి పిలిచారు. కాగితం చూసి, "ఏ మతం సభ?" అన్నాడాయన. "అన్ని మతాలదీ సార్" అన్నాను. తలెత్తి చూసి, గది బయటికి కూడా వినపడేలా మొదలుపెట్టాడు. "డబ్బులు ఎవరిస్తున్నారు నీకు? బయటి దేశం నుంచి వస్తున్నాయా? మీ ఆయనకు తెలుసా నువ్వు ఇట్లా తిరుగుతున్నట్టు? ఇప్పుడు గొడవ లేదు కదా, సభ పెట్టి గొడవ తెస్తావా?" నాకు 52 ఏళ్లు. నా కూతురి వయసు కానిస్టేబులమ్మ పక్కనే నిలబడి ఉంది. నా దగ్గర బట్టలు కుట్టించుకునే ఒకావిడ ఏదో పని మీద వచ్చి ఇదంతా వింటోంది. నోట మాట రాలేదు. బయటికొచ్చాక చెప్పులు ఎక్కడ విడిచానో కూడా కాసేపు గుర్తు రాలేదు.

గొడవ లేదు కదా అన్న ఆ మాట మూడు రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. రాయి పడ్డాక సభ పెడితే దాన్ని శాంతి కమిటీ అంటారు, పెద్దలను పిలిచి టీ ఇస్తారు. ఇంకో రాయి పడకముందు కూర్చుందామంటే అనుమానిస్తారు. మందు రోగం ముదిరాకే తాగాలా?

రెండోసారి పోతే జిల్లాలో సెక్షన్ 30 అమల్లో ఉంది, రాతపూర్వక అనుమతి లేనిదే కుదరదన్నారు. సభలూ ఊరేగింపులూ అదుపు చేయడానికి తెల్లవాళ్లు 1861లో చేసిన పోలీసు చట్టంలోది అది. సరే, చట్టం చట్టమే. మాట్లాడేవాళ్ల వివరాలు అడిగారు, ఇచ్చాను. అప్పుడు హజ్రత్‌దీ, పాస్టరయ్యదీ ఆధార్ జిరాక్సు, ఫోటో తెమ్మన్నారు. "పూజారి గారిది?" అన్నాను. "ఆయనది ఎందుకు?" అన్నారు.

హజ్రత్ ఇంటికి పోయి ఆ మాట ఎట్లా అడగాలి? వీధి చివర చాలాసేపు నిలబడిపోయాను. ఆయన మాత్రం ఏమీ అనలేదు. బీరువాలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులో ముందే చేయించి పెట్టుకున్న జిరాక్సుల్లోంచి ఒకటి ఇచ్చారు. అన్ని జిరాక్సులు ఎందుకు పెట్టుకున్నారో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. తిరిగొస్తూ గుడి దగ్గర పూజారి స్వామికి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన గంట పక్కన పెట్టి, లోపలికి పోయి తన ఆధార్ తెచ్చారు. "వాళ్లది ఇచ్చేటప్పుడు నాది కూడా పైన పెట్టమ్మా" అన్నారు. ఆయనది పైన పెట్టి, నాది, ఆపాది కూడా కలిపి కుట్టి ఇచ్చాను. అక్కడ తీసుకున్నాయన ఒక్కో కాగితం తిప్పి చూశాడు. ఏమీ అనలేదు.

మూడోసారి పోయినప్పుడు ఇంకో ముడి పడింది. బడి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతమట, 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం అక్కడ మైకు కుదరదన్నారు. ఇది మొదటి రోజే చెప్పి ఉంటే పదిహేను రోజులు మిగిలేవి. అవే నిబంధనల్లో రాత్రి పది దాటితే మైకు ఆపాలని కూడా ఉంది. అది మా ఊళ్లో పెళ్లిళ్లలో, ఊరేగింపుల్లో ఎంతమందికి గుర్తుంటుందో అందరికీ తెలుసు. మామిడి మండీ ఉన్న ఒకాయన తన యార్డు ఉచితంగా ఇచ్చాడు. జనవరిలో కాయ ఉండదు, యార్డు ఖాళీ. ఏం జరిగినా నాదే బాధ్యత అని తెల్లకాగితం మీద సంతకం చేశాక, 28 సాయంత్రం పర్మిషన్ చేతికొచ్చింది.

ఈ మధ్యలో ఒక నాయకుడు ఒక్క ఫోనుతో పని చేయిస్తానన్నాడు, ఫ్లెక్సీ మీద తన ఫోటో వేయాలట. వద్దన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ గర్వంగా ఉంది. మీరు వెళ్లేటప్పుడు అర్జీ రెండు కాపీలు తీసుకుని, రెండోదాని మీద ముద్ర వేయించుకోండి. గంటలు, మనుషుల లెక్క, ఎన్ని మైకు బాక్సులు అన్నీ రాయండి. సోమవారం పోవద్దు, ఆ రోజు కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంటుంది, ఎవరూ దొరకరు.

పోలీసులు సరే, వీధిలోనే ఒక పెద్దాయన అడ్డం పడ్డారు. ఖురాన్ చదివితే పదిమందితో వచ్చి ఆపుతానన్నారు. ఆయన్ని తప్పించి సభ జరిపేయండని చాలామంది సలహా ఇచ్చారు. 1947లో ఢిల్లీలో ఖురాన్ చదవడానికి ఒక్కరు అడ్డం చెప్పినా గాంధీగారు ఆ రోజు ప్రార్థన ఆపేశారు. పోలీసులను పెట్టి నోరు మూయించలేదు. అది గుర్తొచ్చి ఆయన ఇంటికి మూడుసార్లు పోయాను. మూడోసారికి అసలు మాట బయటపడింది. తలకు కుట్లు పడ్డ పిల్లవాడు ఆయన మనవడే. "మసీదు వైపు నుంచి ఒక్కరన్నా వచ్చి చూసినారా తల్లీ?" అన్నారు. ఆపాకు చెప్పాను. ఆమె మరుసటి రోజే వాళ్లమ్మను వెంటబెట్టుకుని పోయింది. ఆ ముసలామె పిల్లవాడి జుట్టు పక్కకు తీసి మచ్చ తడిమి చూసి, అక్కడే కూర్చుని ఏడ్చిందట.

నిన్న వంద కుర్చీలూ నిండి, వెనక మనుషులు నిలబడ్డారు. 5:17కు రెండు నిమిషాలు లేచి నిలబడ్డాం. గీత, ఖురాన్, బైబిల్ చదివారు. తరవాత ఎవరికి ఏ అనుమానం ఉన్నా అడగమన్నాం. మొదట అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఇంటర్ చదివే పిల్లవాడు లేచి, "మైకులో రోజూ ఐదుసార్లు ఏం చెప్తారు?" అని అడిగాడు. హజ్రత్ ఒక్కో మాటా తెలుగులో చెప్పారు: దేవుడు అందరికన్నా గొప్పవాడు, నమాజుకు రండి, సాఫల్యానికి రండి, తెల్లవారుజామున అయితే నిద్రకన్నా నమాజు మేలు. ముందు వరసలో పూలమ్మే అవ్వ, "ఇంతేనా నాయనా? నలభై ఏండ్లుగా వింటా ఉండా" అంది. ఆ పిల్లవాడు మాత్రం కూర్చోలేదు. "ఆ రోజు నేనూ ఒక రాయి విసిరినా. యాడ పడిందో తెలీదు. కాణిపాకం స్వామి మీద ప్రమాణంగా చెప్తా ఉండా" అన్నాడు. యార్డులో ఎవరూ కదల్లేదు. పెద్దాయన చివరి వరసలో ఉన్నారు. ఏమీ మాట్లాడలేదు, లేచి పోనూ లేదు.

కానిస్టేబులమ్మ గేటు దగ్గర డ్యూటీలో ఉంది. సభ అయ్యాక వచ్చి, "అమ్మా, నెక్స్ట్ ఎప్పుడు?" అని అడిగింది.

వచ్చే నెలాఖరున ఆపా వాళ్ల మిద్దె మీద కూర్చుంటాం. మిద్దె చిన్నది, ముప్పై మంది పడతారు. మైకు అక్కర్లేదు.