ఎర్త్ గుంటకి ఎన్ని నీళ్లు పోసినా 95 వోల్టులే

ఎర్త్ పనిచేస్తోందో లేదో చూడ్డానికి పెట్టిన బల్బు మూడో వారమూ మసకే! తెనాలి వైపు నల్లరేగడి నేల, 1970ల నాటి డాబా, ఎర్త్ గుంటలో 40 మి.మీ. జీఐ (జింకు పూత ఇనుము) పైపు. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య మీటరు 226 చూపించింది. అది నమ్మకూడదు, మీటరు కరెంటు లాగదు కదా, చెడ్డ ఎర్త్ కూడా బాగున్నట్టే కనిపిస్తుంది.

మెయిన్ బోర్డులో గుంట నుంచి వచ్చే తీగని విడదీసి (లేకపోతే ఫ్రిజ్ తలుపుకీ అదే వోల్టేజీ పాకుతుంది), ఫేజ్ నుంచి దానికి 100 వాట్ల గుండు బల్బు పెడితే 0.32 ఆంపియర్లు. న్యూట్రల్ నుంచి ఎర్త్ తీగకి 95 వోల్టులు. అంటే ఎర్త్ దారిలో అడ్డు (రెసిస్టెన్స్) దాదాపు 300 ఓములు, మరీ ఎక్కువ.

నాలుగు బిందెల నీళ్లు, ఉప్పు, బొగ్గు: 94. తుప్పు క్లాంపు తీసి ఎమెరీ పేపరుతో రుద్ది కొత్త బోల్టు: 94. ఇక నేల మీద అనుమానం వదిలేయాల్సిందే. బల్బు వెలుగుతుండగానే తీగ పొడవునా కొలిస్తే పైపు మీద 6, గోడ బయట తీగ పైకి తేలేచోట 7, బోర్డు దగ్గర 94. మిగతా 87 ప్లాస్టరింగు లోపలే పోతున్నాయి. ఓమ్ మీటరు అక్కడ ఒకవైపు 180, ప్రోబులు తిప్పితే 410 అంది. అలా మారిందంటే లోపల తడి తగిలి చిన్న బ్యాటరీలా పనిచేసే జాయింటు ఉన్నట్టే. చెక్కి చూస్తే గచ్చుకి జానెడు పైన రాగి తీగకి జీఐ తీగ మెలిపెట్టి ఉంది. రాగి బాగానే ఉంది, జీఐ పొడి రాలుతోంది.

కొత్త 8 గేజి జీఐ తీగ, పీవీసీ పైపులో, మధ్యలో అతుకు లేకుండా. బల్బు నిండుగా, 14 ఓములు.

ఇంతా చేస్తే 14 ఓములకి ఫాల్ట్ కరెంటు 16 ఆంపియర్లే, 16 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు మరీ ఎక్కువైతే పడిపోయే స్విచ్) కదలదు. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కి లీకైతే పడిపోయే స్విచ్) తప్పదు. హావెల్సా లెగ్రాండా అన్నది పెద్ద విషయం కాదు, ఇన్వర్టర్ ఏసీ ఉంటే ‘టైప్ A’ రకం తీసుకోవాలి. గుంటలో పోసే కెమికల్ ఎర్తింగు పొడి సంచులకి పెట్టే డబ్బు దీనికి పెట్టడం నయం.

ఆ ఆర్‌సీసీబీ కూడా బిగించగానే పడిపోతోంది. మెయిన్ ఆపి, న్యూట్రల్ విప్పి కొలిస్తే న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య 0.6 ఓములు. ఏదో త్రీ పిన్ సాకెట్లో రెంటినీ ముక్క తీగతో కలిపేసి ఉంటారు. మొదట గీజరు సాకెట్టు, తర్వాత వంటింటివి విప్పాలి.