ఆయుధాలు లేని యంత్రం, వదిలేసిన ఖండం

గియెర్మో దెల్ తోరో 2013లో తీసిన 'పసిఫిక్ రిమ్', 2018లో దానికి కొనసాగింపుగా వచ్చిన సినిమా, రెండూ గెలుపు కథలే. పసిఫిక్ మహాసముద్రపు అడుగున తెరుచుకున్న చీలిక నుంచి కైజూలనే మహా మృగాలు పైకి వస్తాయి, వాటిని ఎదిరించడానికి దేశాలన్నీ కలిసి యేగర్లనే భారీ యంత్రాలను నిర్మిస్తాయి, ఎన్ని ప్రాణాలు పోయినా చివరికి మనిషే నెగ్గుతాడు. వాటి నుంచి పుట్టిన యానిమేషన్ సిరీస్ 'పసిఫిక్ రిమ్: ద బ్లాక్' మాత్రం ఓటమి దగ్గర మొదలవుతుంది. ఆ ఓడిపోయిన నేల ఆస్ట్రేలియా. చీలికలు ఈసారి నేల మీదే తెరుచుకోవడంతో రక్షణ దళాలు చేతులెత్తేసి, జనాన్ని తరలించి, ఖండాన్ని కైజూలకు వదిలేస్తాయి. 2021 మార్చిలో ఏడు భాగాలు, 2022 ఏప్రిల్‌లో మరో ఏడు భాగాలు నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి.

నేను పశ్చిమ ఆస్ట్రేలియాలోని పిల్బరా ప్రాంతంలో, ఇనుప ఖనిజం తవ్వే గనిలో, భారీ ట్రక్కుల మరమ్మతు చేసే ఫిట్టర్‌ని. పెర్త్ నుంచి విమానంలో వెళ్ళి రెండు వారాలు పన్నెండు గంటల షిఫ్టుల్లో పనిచేసి, ఒక వారం ఇంటికి వచ్చే ఉద్యోగం. ఇలా వెళ్ళి వచ్చే బతుకును ఇక్కడ 'ఫైఫో' అంటారు. షిఫ్టు ముగిశాక క్యాంపులోని చిన్న గదిలో, బూట్లకు పట్టిన ఎర్రమట్టి ఇంకా ఆరకముందే, ఈ సిరీస్ చూడటం మొదలుపెట్టాను. ఇందులో కథ సిడ్నీ వైపు, అంటే నేనుండే చోటికి ఖండం అవతలి అంచుకు సాగుతుంది. అయినా కిలోమీటర్ల కొద్దీ మనిషి అలికిడి లేని ఆ నేలను చూస్తుంటే ఆ చిత్రకారులు దేన్నీ ఎక్కువ చేసి చూపలేదని నాకనిపించింది. ఈ దేశ జనాభాలో అత్యధికులు తీరం వెంబడి నగరాల్లోనే ఉంటారు. లోపలి భాగం ఎంత ఖాళీగా ఉంటుందో ఇక్కడ పనిచేసినవాళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

కథ టేలర్, హేలీ అనే అన్నాచెల్లెళ్ళది. యేగర్ నడిపే తల్లిదండ్రులు వీళ్ళను మరికొందరితో పాటు ఒక లోయలో దాచి, సాయం తెస్తామని చెప్పి వెళ్ళి, ఐదేళ్ళయినా తిరిగి రారు. ఒకనాడు హేలీకి నేల కింద పాడుబడిన స్థావరంలో అట్లాస్ డెస్ట్రాయర్ అనే యేగర్ కనిపిస్తుంది. పేరులో అంత విధ్వంసం ఉన్నా అది శిక్షణ కోసం కట్టిన యంత్రం, దానికి ఆయుధాలు లేవు. లోపల లోవా అనే కృత్రిమ మేధ ఉంటుంది. ఆమె పని కొత్తగా చేరినవాళ్ళకు నడక నేర్పడమే. యంత్రం మేలుకున్న కొద్దిసేపటికే కాపర్‌హెడ్ అనే కైజూ వచ్చిపడి ఆ ఆవాసాన్ని తుడిచిపెట్టేస్తుంది. ఇక ఇద్దరూ ఆ శిక్షణ యంత్రంతోనే తల్లిదండ్రులను వెతుక్కుంటూ బయలుదేరతారు.

పోరాటాల గురించి చాలామంది రాశారు. నాకు ఈ సిరీస్ మీద గౌరవం కలిగించింది వేరే విషయం. సినిమాల్లో యేగర్ల వెనుక ఒక పెద్ద స్థావరం, వందలాది సాంకేతిక సిబ్బంది, విడిభాగాలు, క్రేన్లు ఉంటాయి. పోరాటంలో చెయ్యి విరిగినా యంత్రం మళ్ళీ సిద్ధమై వస్తుంది. ఇక్కడ ఆ వెనుక మనుషులెవరూ లేరు. శక్తి ఎంత మిగిలిందో చూసుకుని అడుగు వేయాలి, పాడైతే ఎవరో వదిలేసిపోయిన సామాను ఏరుకోవాలి, దగ్గర లేనిదాన్ని లేనట్టే సర్దుకుపోవాలి. రెండు మనిషి ఎత్తులున్న టైర్ల మధ్య నిలబడి రోజంతా పనిచేసే నాలాంటివాళ్ళకు తెలిసిన సత్యం ఒకటుంది. పెద్ద యంత్రాన్ని నడపడం ఒక భాగం మాత్రమే, దాన్ని నడిచే స్థితిలో ఉంచడమే అసలు పని. భారీ రోబోల కథల్లో ఈ పని సాధారణంగా తెర వెనుక ఉండిపోతుంది. 'ద బ్లాక్' దాన్ని కథకు నడుమ నిలబెట్టింది.

యేగర్‌ను మామూలుగా ఒక్కరు నడపలేరు. ఇద్దరి మనసులు కలవాలి, దాన్నే డ్రిఫ్ట్ అంటారు. ఆ కలయికలో ఒకరి జ్ఞాపకాలు మరొకరికి తెలిసిపోతాయి, ఎవరైనా పాత జ్ఞాపకంలో చిక్కుకుపోతే యంత్రం అదుపు తప్పుతుంది. తన వల్లే అంతమంది పోయారన్న బాధను హేలీ మోస్తూ ఉంటుంది, దాన్ని దాచి అట్లాస్‌ను నడపడం ఆమెకు సాధ్యం కాదు. ఈ ఊహ నాకు కల్పనగా అనిపించలేదు. మా దగ్గర ట్రక్కు కిందికి వెళ్ళే ముందు బ్యాటరీ ఐసొలేటర్, అంటే కరెంటును తెంచే స్విచ్చి, ఆపి, పని చేసే ప్రతి ఒక్కరూ తమ పేరు, ఫొటో ఉన్న ట్యాగుతో సొంత తాళం వేయాలి. ఎవరి తాళం వారే తీయాలి. అంతటితో యంత్రం చచ్చిపోయినట్టు కాదు. హైడ్రాలిక్ గొట్టాల్లో ఒత్తిడి, సస్పెన్షన్ సిలిండర్లలో ఒత్తిడితో నింపిన నైట్రోజన్, పైకెత్తి ఉన్న ట్రే (ట్రక్కు వెనుక రాయిని మోసే తొట్టి) బరువు, ఇవన్నీ అలాగే ఉంటాయి. తెల్లవారి షిఫ్టు మారేటప్పుడు రాత్రి ఫిట్టరు పగటి ఫిట్టరుకు అప్పగించేది పనిముట్లను మాత్రమే కాదు, ఏ బోల్టు బిగించలేదో, ఏ శబ్దం తనకు అర్థం కాలేదో కూడా చెప్పాలి. అక్కడ మొహమాటపడి మింగేసిన ఒక్క మాట మరొకరి చెయ్యో ప్రాణమో తీయగలదు.

మన దేశం నుంచి వచ్చినవాళ్ళకు కష్టమయ్యేది సరిగ్గా ఇక్కడే. పని రాక కాదు. పెద్దవాడి ముందు 'నాకు తెలియలేదు' అనడం తప్పన్న పెంపకం, పైగా తడబడే ఇంగ్లిష్, పైగా వీసా గురించిన భయం. కొత్తగా చేరిన మన కుర్రాడొకడు ఒకసారి నాతో, "అన్నా, అడిగితే నాకు పని రాదనుకుంటారేమో" అన్నాడు. "అడక్కుండా చేస్తేనే రాదనుకుంటారు తమ్ముడూ" అన్నాను. పని ఆపించే హక్కు ఇక్కడ అందరికీ ఉంటుంది, నిన్న చేరిన హెల్పరుకు కూడా. కానీ కాగితం మీది హక్కు నోటి దాకా రావడానికి చాలాకాలం పడుతుంది. డ్రిఫ్ట్ సన్నివేశాలు అతనికి చూపించినప్పుడు, నేను మాటల్లో చెప్పలేకపోయింది అతనికి సులువుగా అందింది.

మరో మాట కూడా చెప్పాలి. పిల్బరా గనుల్లో ఇప్పుడు డ్రైవర్ లేని ట్రక్కులు చాలా తిరుగుతున్నాయి. వాటిని సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలో పెర్త్‌లో కూర్చుని పర్యవేక్షిస్తారు. మనిషి లేని క్యాబిన్‌లో స్టీరింగ్ తనంతట తాను తిరగడం మొదటిసారి చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. సిరీస్‌లో లోవాకు చాలా తెలుసు, అయినా అట్లాస్‌ను పూర్తిగా ఆమె చేతిలో పెట్టేసి పిల్లలను ప్రయాణికులుగా కూర్చోబెట్టలేదు. యంత్రం నేర్పుతుంది, హెచ్చరిస్తుంది, నిర్ణయం మాత్రం ఇద్దరు మనుషులది. ఉద్యోగాల స్వరూపం కళ్ళ ముందే మారిపోతున్న చోట పనిచేస్తున్నవాడిగా, రచయితలు క్రెయిగ్ కైల్, గ్రెగ్ జాన్సన్ ఆ గీతను చెరపనందుకు సంతోషించాను.

బొమ్మల పని గురించి. దీన్ని టోక్యోలోని పాలిగాన్ పిక్చర్స్ స్టూడియో కంప్యూటర్ త్రీడీలోనే చేసి, చేత్తో గీసినట్టు కనిపించేలా తీర్చింది. మనుషుల కదలికలు కొన్నిచోట్ల బిగుసుకున్నట్టుంటాయి, ముఖాల్లో దుఃఖం పలకాల్సిన చోట పూర్తిగా పలకదు. యంత్రాల విషయంలో మాత్రం బరువు తెలుస్తుంది. వస్తువు ఎంత పెద్దదైతే దాని కదలిక దూరం నుంచి అంత నెమ్మదిగా కనిపిస్తుంది. నలభై రెట్లు ఎత్తైనది ఒరిగి పడటానికి ఆరు రెట్లకు పైగా సమయం పడుతుంది, అది భూమ్యాకర్షణ లెక్క. ట్రక్కు తన ట్రేను ఎత్తి వందల టన్నుల రాయిని జార్చేటప్పుడు అంచు నుంచి తొలి రాయి దొర్లడానికీ, ఆ ధ్వని మా దాకా రావడానికీ మధ్య ఒక విరామం ఉంటుంది. అట్లాస్ పాదం నేలను తాకే కొన్ని దృశ్యాల్లో అలాంటి విరామమే ఉంది. ఆ తర్వాతే దుమ్ము లేస్తుంది. ఆ వరుస తప్పితే ఎంత పెద్ద రోబో అయినా అట్ట బొమ్మలా తోస్తుంది.

రెండో సీజన్‌లో తొందర ఎక్కువైంది. కైజూలను కొలిచే స్త్రీల సంఘం ఒకటి ప్రవేశించాక ప్రయాణం కాస్తా వెంటాడటంగా మారి, మరమ్మతులూ కొరతలూ వెనక్కి వెళ్ళిపోయాయి. నాకు ఎక్కువ లోటుగా అనిపించింది మే అనే అమ్మాయి విషయం. షేన్ అనే ముఠా నాయకుడు డ్రిఫ్ట్ యంత్రాన్నే వాడుకుని ఆ అమ్మాయి జ్ఞాపకాలను మార్చేసి, తనకు పనికొచ్చే మనిషిగా తయారుచేసుకుంటాడు. మనసులను కలిపే సాధనమే మనిషిని కట్టిపడేసే సాధనం కావడం ఈ సిరీస్‌లోకెల్లా బలమైన ఆలోచన. తానెక్కడి నుంచి వచ్చిందో తెలియని ఆ అమ్మాయికి పద్నాలుగు భాగాల్లో దక్కిన సమయం చాలా తక్కువ. పోరాటాల్లో రెండు తగ్గించి ఒక భాగం పూర్తిగా ఆమెకు ఇచ్చి ఉండవలసింది.